మూడో మూలన మోగని హారన్

అడవి చౌకి కాపలాదారు బుచ్చిరాములు కుంటికాలు ఈడ్చుకుంటూ కిటికీ దగ్గరికి వచ్చాడు. చెవి వెనుక అరచెయ్యి పెట్టి లోయ వైపు తల తిప్పి చూపించాడు.

“గిట్ల నిలవడ్డ సార్. సోమవారం పొద్దున పది గొట్టి పది నిమిషాలైంది. సాంబయ్య సేటు కారు గేటు దాటి దిగుట్ల పడ్డది. మొదటి మూల కాడ హారన్ కొట్టిండు, విన్న. రెండో మూల కాడ కొట్టిండు, విన్న. మూడో మూల కాడ మాత్రం కొట్టలే.”

“అది సేటు కారు హారనే అని ఎట్ల చెప్తవు?” అని అడిగాడు డిటెక్టివ్ పర్శరాములు.

“అయ్యో, గా హారన్ తెల్వంది ఎవరికి? జాగీర్దారు కాలం నాటి కారాయె. రబ్బరు గుండు ఒత్తితే దున్నపోతు దగ్గినట్టు భోం అంటది. నిర్మల్ నుంచి ఆదిలాబాద్ దాంక గసొంటి హారన్ ఇంకోటి లేదు.”

“నువ్వు రోజూ లెక్క పెడ్తవా?”

“నా కొలువే గది సార్. గీ ఘాటుల తొవ్వ ఇరుకు. మూడు మూలల మూడు హారన్లు వినవడ్డంకనే ఎనుక బండికి గేటు లేపాలె. రెండో హారన్ వినంగనే బీడి ముట్టిస్త. బీడి సగమయ్యే యాళ్ళకు మూడోది వినస్తది. పన్నెండేండ్ల సంది గదే లెక్క. సోమవారం బీడి మొత్తం అయిపాయె. కట్టె పట్టుకొని కుంటుకుంట పోయి చూస్తె...”

చౌకి మెట్టు మీద కూర్చున్న దుర్గవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది. చనిపోయింది ఆమె మనిషి కాదు. కానీ ఆ చావు ఆమె ఇంటి మీదే వచ్చి పడింది.

సాంబయ్య నిర్మల్‌లో పేరున్న కలప కాంట్రాక్టరు. సోమవారం ఒక్కడే కారు నడుపుకుంటూ ఈ ఘాటు దిగుతుండగా మూడో మూలలో కారు అడ్డం తిరిగి గట్టు రాయికి కొట్టుకుంది. పైకప్పు లేని కారు కావడంతో అతను ఎగిరి లోయలో పడ్డాడు. మంగళవారం పగలు పన్నెండింటికి పోలీసులు వచ్చి టైర్ల పని చేసే గట్టయ్యను పట్టుకుపోయారు. సాంబయ్య మీద కక్షతో ముందు టైర్లలో సగం గాలే నింపి చంపాడని కేసు. గట్టయ్య భార్య దుర్గవ్వ అందిన బస్సెక్కి కరీంనగర్ వచ్చి పర్శరాములు కాళ్ళ మీద పడింది. ఇద్దరూ కలప లారీలో కూర్చుని తెల్లవారేసరికి ఇక్కడికి చేరారు. చేతిలో ఉన్న సమయం చాలా తక్కువ. పట్టుకున్న మనిషిని ఒక రోజులోగా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. నిర్మల్ మేజిస్ట్రేటు దసరా సెలవుల్లో ఉన్నాడు. అందుకని ఈ బుధవారం పగటి బస్సులో గట్టయ్యను ఆదిలాబాద్ తీసుకుపోతారు. ఒకసారి అక్కడి జైలు గేటు లోపలికి పోతే బయటికి రావడం ఎప్పటి మాటో.

“నడువు దుర్గవ్వా. మూడో మూల చూద్దాం” అన్నాడు పర్శరాములు.

మూలలో రోడ్డు పక్కన పోసిన ఎర్రమొరం మీద చక్రాల గుర్తులు ఆరి గట్టిపడి ఉన్నాయి. సోమవారం పొద్దున చినుకు పడిందనీ, తర్వాత రెండు రోజులు ఎండ కాసిందనీ బుచ్చిరాములు చెప్పాడు. అదొక్కటే వాళ్ళకు కలిసివచ్చింది. పర్శరాములు మోకాళ్ళ మీద కూర్చుని గుర్తులను వేలితో తడిమాడు. రెండు రకాలున్నాయి. కొన్ని సన్నని గీతలు, చాపలో అల్లిక లాగా వంకర్లు తిరిగి స్పష్టంగా పడ్డాయి. అవి కొత్త టైర్లవి. రెండోరకం గుర్తుల్లో గీతల్లేవు, అరిగిపోయిన చెప్పు వేసిన జాడలా నున్నగా ఉన్నాయి. అవి పాత టైర్లవి.

అల్లిక గుర్తులు గుట్ట అంచు వెంబడి, మూల ఎట్లా తిరిగితే అట్లా చక్కగా తిరిగాయి. నున్నటి గుర్తులు మాత్రం వాటిని విడిచిపెట్టి, లోయ వైపు పక్కకు సాగిపోయి, గట్టు రాయి దగ్గర ఆగాయి.

దుర్గవ్వ నడుము వంచి చూసింది.

“బర్రె బురదల జారినట్టున్నది సార్. ముందుకాళ్ళు తొవ్వలనే ఉన్నయి. ఎనుకకాళ్ళు జారి, ఎనుక భాగమంత చుట్టు తిరిగింది.”

పర్శరాములు తలెత్తి ఆమెను చూశాడు. తన దగ్గర ఉన్నది సైకిలు. మోటార్ల సంగతి అతనికి అంతంత మాత్రమే. కానీ ఆమె చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. ముందు టైర్లలో గాలి తక్కువైతే ముందు చక్రాలే కదా దారి తప్పాలి? తప్పలేదు. వెనుకవి తప్పాయి.

నోటుబుక్కు తీసి ఆమె మాటను ఆమె చెప్పినట్టే రాసుకున్నాడు.

---

తొమ్మిదీ నలభైకి వాళ్ళు నిర్మల్ ఠాణా చేరారు. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ రామచంద్రం టేబుల్ మీద కాళ్ళు పెట్టుకుని చాయ తాగుతున్నాడు. ఒకప్పుడు హైదరాబాద్‌లో, నిజాం రహస్య పోలీసు విభాగమైన ఖుఫియా శాఖలో వాళ్ళిద్దరూ ఒకే గదిలో పని చేశారు. ఒకరు కనిపెట్టింది ఇంకొకరు రాసుకుని ఇనాం పొందిన సంగతి కూడా ఉంది. ఆ ఇనాం పొందింది పర్శరాములు కాదు.

“ఓహో! సైకిల్ డిటెక్టివ్ సాబ్ వచ్చిండే! ఏం పర్శరాములూ, గొలుసు ఊడలేదా తొవ్వల?”

“లారీల వచ్చిన రామచంద్రం. పది నిమిషాలు గట్టయ్యతోని మాట్లాడాలె.”

“పది ఎందుకు, పదిహేను మాట్లాడు. ఏం ఫాయిద లేదు. వాడే ఒక అబద్ధమాడి వాడే దొరికిపోయిండు.” ఇన్‌స్పెక్టర్ వేళ్ళు మడిచాడు. “విను. సేటు బావమరిది బొంబాయి నుంచి రెండు ఫారిన్ టైర్లు పంపిండు. రేడియల్ అంటరట. లోపల తీగల అల్లిక వేరే తీరుగ ఉంటదట. శనివారం గట్టయ్య బిగించిండు. గాలి తక్కువున్నదని సేటు బజార్ల నలుగురి ముందర చెంప మీద కొట్టిండు. గది కక్ష. సోమవారం కారు పడ్డది. నేను పోయి చూసిన. ముందర టైర్లు రెండూ కింద పొట్ట ఉబ్బి, నేలకు ఒత్తుకొని ఉన్నయి. సగం గాలి. ఇగ అబద్ధం ఏందంటే, కొత్తయి ఎనుక చక్రాలకు ఏసిన అంటడు. కారుకేమో ముందర ఉన్నయి. చాలా, ఇంకేమన్న కావాల్నా?”

పర్శరాములు లాకప్ వైపు నడిచాడు. ముందుగా ఆ చివరి మాటే తేల్చుకోవాలి.

గట్టయ్య ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. నలభై ఏళ్ళ మనిషి. వేళ్ళ సందుల్లో రబ్బరు నలుపు ఎన్నేళ్ళు కడిగినా పోయేది కాదు. భార్యను చూసి కళ్ళు దించుకున్నాడు.

“గట్టయ్యా, నాకు అబద్ధం చెప్తె నేను తిరిగి బస్సెక్కుత. కొత్త టైర్లు ఏ చక్రాలకు ఏసినవ్?”

“ఎనుకకే ఏసిన సార్. నా పిల్లల మీద ఒట్టు.”

“ఎందుకు ఎనుకకు? కొత్తయి ముందర వేస్తరు గదా అందరు?”

“నేను గట్లనే అనుకున్న. టైర్ల లోపల ఒక కాయితం ఉండె. ఇంగిలీసో ఏమో, నాకు అక్షరాలు రావు. బొమ్మలున్నయి. ఒక బొమ్మల కారుకు ఎనుక చక్రాలు నల్లగ దిద్ది ఉన్నయి. దానికింద టిక్కు కొట్టి ఉన్నది. గది చూసి ఎనుకకు ఏసిన. దాని పక్కకు ఇంకో బొమ్మ ఉండె, దాని మీద అడ్డం గీతలు కొట్టిండ్రు. ఎందుకు కొట్టిండ్రో సమజ్ కాలే.”

“కాయితం ఏది?”

“దుకాణంల, ట్యూబు ముక్కల డబ్బా అడుగున. దుర్గీ, నీకెరుకే గద?”

దుర్గవ్వ తల ఊపింది.

“గాలి సంగతి చెప్పు.”

“గేజీ పెట్టి కొట్టిన సార్. ఇర్వై ఎనిమిది, ఎంత ఉండాల్నో గంతే. కని గా టైర్ల గుణమే గంత. ఎంత గాలి కొట్టినా కింద పొట్ట దిగినట్టే కొడ్తది. సేటు చూసి, గాలి దొంగ అని చెంప మీద కొట్టిండు. నేను గేజీ పెట్టి చూపెట్టిన. ఇర్వై ఎనిమిదే. సేటు గేజీ తిప్పి తిప్పి చూసిండు. తర్వాత బీడి తీసి ఇచ్చిండు. తన అగ్గిపెట్టెతోనే ముట్టిచ్చిండు. గట్లాంటి మనిషిని నేనెందుకు చంపుత సార్?”

బీడి సంగతి బజార్లో ఎవరూ పోలీసులకు చెప్పలేదు. చెంపదెబ్బ మాత్రం అందరూ చెప్పారు.

“దుర్గవ్వా, నువ్వు దుకాణానికి పోయి గా కాయితం తే. నేను సాంబయ్య ఇంటి కాడ ఉంట. దొరకంగనే అక్కడికి రా” అన్నాడు పర్శరాములు. ఆమె తనతో తెచ్చిన పనిముట్ల సంచి అతని చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

కారు ఠాణా ఆవరణలో రేకుల కింద ఉంది. ముప్పై ఎనిమిదో సంవత్సరపు మోడలు. వెనుక ఎడమవైపు మడ్‌గార్డు నొక్కుకుపోయింది తప్ప మిగతాదంతా బాగానే ఉంది. పర్శరాములు దాని చుట్టూ తిరిగాడు. ముందు చక్రాలకు పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టిన గుర్తులు ఇంకా ఉన్నాయి. కూర్చుని చక్రాల నట్లు చూశాడు. ముందు చక్రాల నట్ల మీద పానా పట్టిన గీతలు తెల్లగా మెరుస్తున్నాయి. వెనుకకు పోయి చూశాడు. పాత టైర్లున్న వెనుక చక్రాల నట్ల మీద కూడా అవే గీతలు, అంతే తాజాగా.

“రామచంద్రం, ఇటు రా. గట్టయ్య కొత్తయి నేరుగ ముందరకే ఏసి ఉంటె, ఎనుక చక్రాల నట్లు ముట్టుకునే పనే లేదు. నాలుగు చక్రాలు ఊడదీసిండ్రు చూడు. ఎనుకకు ఏసినంక, ఎవరో ముందరకు మార్చిండ్రు.”

ఇన్‌స్పెక్టర్ వంగి చూశాడు. ఒక్క క్షణం అతని ముఖం మారింది. వెంటనే సర్దుకుంది.

“గ్రీజు పెట్టెతందుకు అన్ని ఊడదీసి ఉంటడు. నట్ల మీద గీతలు పట్టుకొని కోర్టుకు పోతవా?”

పర్శరాములు సంచిలో నుంచి గాలి గేజీ తీసి ముందు టైరుకు పెట్టాడు. ముల్లు నలభై ఐదు దగ్గర నిలబడింది. రెండో టైరూ అంతే.

“సగం గాలి అన్నవ్. నలభై ఐదున్నది.”

పక్కన ఉన్న జవాను చేతులు నలుపుకున్నాడు. “నిన్న ఘాటు కాడికెల్లి తెచ్చెటప్పుడు సార్ కొట్టుమన్నడు. పొట్ట దిగి ఉండె గదా అని...”

“కొట్టకముందు గేజీ పెట్టి చూసిండ్రా?”

జవాను ఇన్‌స్పెక్టర్ ముఖం చూశాడు.

“చూసేదేమున్నది? కండ్లకు కనవడ్తలేదా?” అన్నాడు రామచంద్రం.

“కండ్లకు కనవడ్డదాన్నే సేటు కూడా నమ్మిండు. గేజీ చూసినంక బీడి ఇచ్చిండు. నువ్వు గేజీ చూడకుంట మనిషిని లోపలేసినవ్. ఉన్న ఒక్క సాక్ష్యంల కూడా గాలి కొట్టిచ్చినవ్! దీన్ని పంచనామా అంటరా?”

చుట్టూ ఉన్న జవాన్లు నవ్వు ఆపుకోవడం పర్శరాములుకు కనిపించింది. పదేళ్ళ కిందటి ఆ ఇనాం కాగితం మనసులో మెదిలింది. అక్కడే ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు.

“నీకు నిజంగ దమ్ముంటే గీ కారును ఆదిలాబాద్‌ల మోటారు ఇన్‌స్పెక్టర్‌కు చూపెట్టు. కోర్టుకంటె ముందుగాల. చూపెట్టి, గట్టయ్య తప్పని ఆయనతోని రాయించుక రా. నీతోని కాదులే, నీకు భయం.”

రామచంద్రం చాయ గ్లాసు పక్కన పెట్టాడు. నెమ్మదిగా నవ్వాడు.

“నాకు భయమా? మంచిది. చూపెడ్త. ఈ రోజే చూపెడ్త. ఇగ నువ్వు పోయి నీ నట్లు లెక్కపెట్టుకో.”

గెలిచానన్న సంతోషంతో పర్శరాములు ఠాణా మెట్లు దిగాడు. అప్పుడు పదిన్నర అయింది.

---

సాంబయ్య ఇంట్లో ఆ రోజు మూడొద్దులు, చనిపోయిన మూడో రోజు చేసే కర్మ. ఇంటిల్లిపాదీ పిట్టకు ముద్ద పెట్టడానికి వాగు దగ్గరికి వెళ్ళారు. వాళ్ళు తిరిగి వచ్చి, స్నానాలు చేసేదాకా ఎవరినీ పలకరించడానికి వీల్లేదు. పర్శరాములు అరుగు మీద కూర్చుని గడియారం చూసుకుంటూ ఉండిపోయాడు. పదకొండయింది. పదకొండున్నర అయింది. ఆకాశంలో మబ్బు పట్టింది. ఆదిలాబాద్ వెళ్ళే బస్సు కూడలిలో ఆగి, జనాన్ని ఎక్కించుకుని వెళ్ళిపోయింది. అందులో గట్టయ్య ఉన్నాడనుకుని అతను ఇంకా పరేషాన్ అయ్యాడు.

పన్నెండున్నరకు సాంబయ్య తల్లి దేవవ్వ బయటికి వచ్చి గడపకు ఆనుకుని కూర్చుంది. డెబ్భై ఏళ్ళుంటాయి. తడి జుట్టు ముడి వేసుకోలేదు.

“ఏం కావాలె బిడ్డా? పోలీసులొచ్చిండ్రు, పటేండ్లొచ్చిండ్రు, నువ్వెవరివి?”

“గట్టయ్య తరఫున వచ్చిన అవ్వా. కోపం చేయకు. రెండు మాటలు అడిగి పోత.”

“కోపమెందుకు చేస్త? కోపం చేస్తే నా సాంబడు లేచొస్తడా?” ఆమె చేతి వేళ్ళు గడప మీద ముగ్గును గీరుతున్నాయి. “అడుగు.”

“శనివారం కారు ఇంటికి ఎవరు తెచ్చిండ్రు?”

“మా డ్రైవరు అంజన్న. పొద్దుగూకంగ తెచ్చిండు.”

“తెచ్చినప్పుడు కొత్త టైర్లు ఎక్కడున్నయి? ముందరనా, ఎనుకనా?”

“ఎనుక ఉండె.”

జవాబు ఇంత తేలికగా వస్తుందని పర్శరాములు అనుకోలేదు.

“మరి ముందరకు ఎట్ల వచ్చినయి అవ్వా?”

“నేనే మార్చుమన్న.” దేవవ్వ అది చాలా మామూలుగా చెప్పింది, కూరలో ఉప్పు వేశానన్నట్టు. “తెల్లారితే దసరా. బండికి పూజ చెయ్యాలె. ముందర చక్రాలకు పసుపు పూస్తం, బొట్లు పెడ్తం, నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తం. కొత్తయి ఎనుక పెట్టి, అరిగినయి ముందర పెట్టి, వాటికి మొక్కుతరా ఎవరన్న? అరిష్టం గాదా? అంజన్నను పిలిచి గివ్విట్ల, గవ్వట్ల పెట్టుమన్న. ఆదివారం పొద్దున జాకీ పెట్టి మార్చిండు.”

“సేటు ఏమనలేదా?”

“సాంబడు నవ్విండు. గట్టయ్య ఎనుకకే ఉండాలన్నడే అవ్వా అన్నడు. నా కొడుకు బండికి బొట్టు ఏడ పెట్టాల్నో గట్టయ్య చెప్తడా అన్న. సరే నీ ఇష్టం, ఫికర్ చేయకు అన్నడు. తానే నిమ్మకాయలు తెచ్చిచ్చిండు.” ఆమె కళ్ళు ఎక్కడో ఉన్నాయి. “అన్ని మంచిగనే చేసిన బిడ్డా. కొబ్బరికాయ గూడ ఒక్క దెబ్బకు పగిలింది. మరి ఎక్కడ తప్పు జరిగింది?”

పర్శరాములు నోటుబుక్కులో గబగబా రాసుకున్నాడు. గట్టయ్య నిజమే చెప్పాడు. దీని మీద ఈ తల్లి వేలిముద్ర ఉంటే చాలు. రామచంద్రం ముఖం ఎట్లా మారుతుందో అప్పుడే కళ్ళముందు కనిపించింది.

అంతలో దుర్గవ్వ రొప్పుతూ లోపలికి వచ్చింది. చేతిలో నూనె మరకలు పడిన కాగితం.

“దొరికింది సార్. డబ్బా అడుగున గాదు, తలుపు సందుల పెట్టిండు. దుకాణమంత బోర్లించిన.”

పర్శరాములు కాగితాన్ని మోకాలి మీద చదును చేశాడు. అక్షరాలు ఇంగ్లీషు కాదు, వేరే ఏదో దేశం భాష. కానీ బొమ్మలకు భాషతో పని లేదు. మొదటి బొమ్మలో కారు పైనుంచి చూసినట్టు గీశారు. వెనుక చక్రాలు నల్లగా ఉన్నాయి. కారు మలుపు తిరిగి రోడ్డు మీదే పోతోంది. కింద టిక్కు. రెండో బొమ్మలో ముందు చక్రాలు నల్లగా ఉన్నాయి. రోడ్డు మీద సన్నటి గీతలతో వాన గీశారు. కారు ముందు భాగం రోడ్డును పట్టుకుని ఉంది. వెనుక భాగం మాత్రం చుట్టు తిరిగి రోడ్డు అంచు దాటి పోయింది. దాని మీద రెండు అడ్డ గీతలు.

బర్రె బురదల జారినట్టు. పొద్దున ఘాటులో దుర్గవ్వ చెప్పిన మాటను ఎవరో సముద్రాల అవతల బొమ్మగా గీసి, టైరులో పెట్టి పంపారు. కొత్త టైరు రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది. అరిగిన పాత టైరు పట్టుకోదు. పట్టున్నది ముందు పెట్టి, పట్టులేనిది వెనుక పెడితే, తడి మూలలో ముందు భాగం నిలబడుతుంది, వెనుక భాగం జారుతుంది. ఇక్కడ హంతకుడెవరూ లేరు. ఒక తల్లి, నాలుగు నిమ్మకాయలు, అంతే.

ఈ మాట ఆమెకు చెప్పకుండా గట్టయ్యను విడిపించడం ఎట్లా? పర్శరాములు తలెత్తలేకపోయాడు. నోటుబుక్కు మూసి ఇంకో ప్రశ్న వెతుక్కున్నాడు.

“అంజన్న ఏడున్నడు అవ్వా? ఆయనతోని కూడా మాట్లాడాలె.”

“ఇంకెక్కడి అంజన్న? వాగు కాడికే పోలీసాయన వచ్చి తోల్కపాయె. కారును ఆదిలాబాద్ తీస్కపోవాల్నట. ఎవరో మోటారాయనకు చూపెట్టాల్నట.”

పర్శరాములు లేచి నిలబడ్డాడు. మోకాలి మీది కాగితం జారి కింద పడింది.

“కారును... నడుపుకుంట పోయిండ్రా? లారీ మీద ఎక్కియ్యలేదా?”

“నడుస్తనే ఉన్నది గదా, లారీ ఎందుకు? నేను వాగు కాడికెల్లి వస్తుంటె మా ముందరికెల్లే పోయింది. అంజన్న తోలుతుండు. పెద్ద పోలీసాయన ముందర దొరలెక్క కూసున్నడు. ఎనుక జవాను, గట్టయ్య. గట్టయ్య చేతులకు బేడీలు.”

దుర్గవ్వ కాగితం తీసి రెండో బొమ్మ వైపే చూస్తూ ఉండిపోయింది.

“ఎప్పుడు పోయింది?”

“పన్నెండున్నరకు పావుగంట ముందుగాల.”

గడియారంలో పన్నెండూ యాభై రెండు. పన్నెండుంబావుకు బయలుదేరితే, చౌకి నలభై నిమిషాలు. బయట నేల మీద పెద్ద పెద్ద చినుకులు పడుతున్నాయి. నీకు దమ్ముంటే చూపెట్టు, అన్నది ఎవరు? నీకు భయం అన్నది ఎవరు? బస్సులో భద్రంగా పోవలసిన మనిషిని తీసుకుపోయి ఆ కారులో కూర్చోబెట్టింది ఎవరు?

“ఫోను! అవ్వా, ఇంట్ల ఫోనున్నదా?”

కలప వేలాల కోసం సాంబయ్య పెట్టించుకున్న ఫోను ముందు గదిలో ఉంది. పర్శరాములు హ్యాండిల్ తిప్పాడు. ఎక్స్చేంజీలో మనిషి తీరుబడిగా పలికాడు.

“ఘాటు అడవి చౌకి కావాలె. జల్ది!”

“గా లైన్ బిజీ ఉన్నది సాబ్. రేంజరు సాబ్ అదే లైన్ల ఆదిలాబాద్‌కు మాట్లాడుతుండు.”

“తెంపు! లైన్ తెంపు! నాలుగు పానాలు పోతయి నాయనా!”

“రేంజరు సాబ్ లైన్ నేను తెంపితే నా కొలువు తెగుతది.” అయినా గొంతు కొంచెం మారింది. “ఉండుండ్రి. చూస్త.”

ఒక నిమిషం. రెండు నిమిషాలు. దుర్గవ్వ అతని పక్కకు వచ్చి నిలబడింది. చివరికి చిటపటల మధ్య బుచ్చిరాములు గొంతు వచ్చింది.

“హలో, చౌకి!”

“బుచ్చిరాములూ, నేను, పొద్దుగాల వచ్చిన పర్శరాములును! సేటు కారు వస్తది. గేటు లేపకు! ఎంత పెద్ద పోలీసయినా సరే, లేపకు!”

అవతల వాన చప్పుడు మధ్య జవాబు వచ్చింది.

“ఇప్పుడే దాటింది సార్. ఫోను మోగంగ గేటు దించి వచ్చిన. ఇన్‌స్పెక్టర్ సాబ్ బుక్కుల సంతకం పెట్టిండు, సిరా గూడ ఆరలే.”

“పిలువు! కేక పెట్టు! ఉరుకు!”

“ఉరుకుడా? నా కాలు మీరు చూడలేదా సార్? వాన దంచుతున్నది. కేక ఏస్తె నాకే వినవడ్తలేదు. ఉండుండ్రి.”

రిసీవర్ దేనికో తగిలిన చప్పుడు. దూరంగా బుచ్చిరాములు అరుపు. ఓ అంజన్నా, ఆపూ, ఆపూ! ఆ అరుపును వాన మింగేసింది. తర్వాత లోయలో నుంచి, దున్నపోతు దగ్గినట్టు, సన్నగా, భోం.

మొదటి మూల.

పర్శరాములు రిసీవర్‌ను రెండు చేతులతో పట్టుకున్నాడు. అతని దగ్గర కాగితం ఉంది, నట్ల లెక్క ఉంది, సాక్షి ఉంది. మూడో మూలలో జారబోయే రెండు చక్రాలను ఆపడానికి అవేవీ పనికిరావు.

గుమ్మంలో అలికిడి అయింది. దేవవ్వ వచ్చి నిలబడింది. ఆమెకు చదవడం రాదు. కానీ దుర్గవ్వ చేతిలో ఉన్న బొమ్మను ఆమె చూసింది. చాలాసేపు చూసింది. నల్లగా దిద్దిన ముందు చక్రాల మీద వేలు పెట్టింది.

“బిడ్డా” అంది మెల్లగా, “గివి కొత్త టైర్లేనా? నేను ముందర పెట్టుమన్నవి?”

పర్శరాములు ఆమె ముఖం చూడలేదు. ఆమె గోడ పట్టుకుని నెమ్మదిగా కిందికి జారి కూర్చుంది.

రిసీవర్‌లో మళ్ళీ. భోం.

రెండో మూల.

అగ్గిపుల్ల గీసిన చప్పుడు కూడా స్పష్టంగా వినిపించింది. బుచ్చిరాములు చేతులు పన్నెండేళ్ళ అలవాటును వదల్లేకపోయాయి. దుర్గవ్వ పర్శరాములు భుజం పట్టుకుని, రిసీవర్‌కు అటువైపు తన చెవి ఆనించింది. గడియారంలో సన్న ముల్లు ఒక చుట్టు తిరిగింది. వాన. ఇంకో సగం చుట్టు తిరిగింది. వాన. ఎక్స్చేంజీ మనిషి కూడా లైన్లోనే ఉన్నాడు.

సన్న ముల్లు రెండో చుట్టు దాటింది.

“బుచ్చిరాములూ” అన్నాడు పర్శరాములు. “బుచ్చిరాములూ, వింటున్నవా?”

“వింటున్న సార్” అన్నాడు బుచ్చిరాములు. “బీడి సగం దాటింది.”